నలభై రెండు రోజుల పది గంటలు

గడియారం ముట్టుకునే ముందు సీతారాములు ఎడమ చేతిని నడుము వెనక్కి పెట్టుకుంటాడు. లోపల నూటడెబ్బై వోల్టులుంటాయి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో అతనిది టీవీ రిపేరు దుకాణం. గడియారం అతను చేతులతో చేసుకున్నదే. నాలుగు గాజు ట్యూబులు. ఒక్కోదానిలో సున్నా నుంచి తొమ్మిది దాకా సన్నటి తీగ అంకెలు, ఒకదాని వెనక ఒకటి. వెలిగిన అంకె నిప్పుకణికలా కనిపిస్తుంది. ఆ ట్యూబులు చేయడం ఎప్పుడో మానేశారు. వనస్థలిపురం ఇందిరాదేవి తమ ల్యాబులో ఈ ట్యూబులున్న పాత మీటరు పారేస్తుంటే అడిగి తెచ్చి, బతికించమని అతనికి అప్పగించింది.

సకల జనుల సమ్మె మొదలైన రోజు అతను గడియారాన్ని పది గంటల దగ్గర ఆపాడు. ఆఫీసులు తెరిచే వేళ. కరెంటు ఉన్నంతసేపూ అవే అంకెలు వెలిగాయి, నలభై రెండు రోజులు. దారిన పోయేవాళ్లు చూసి శెభాష్ అన్నారు.

సమ్మె ముగిశాక నడిపిస్తే, చివరి ట్యూబులో ఏడుకు కాలు లేదు.

భార్య అండాలమ్మ నవ్వింది. "అందరు డ్యూటీల చేరిన్రు. నీ ఏడొక్కటే ఇంకా సమ్మెల ఉన్నది."

తప్పు అతనికి వెంటనే అర్థమైంది. వాళ్లది పోచంపల్లి మగ్గాల ఇల్లు. నూలుకు కట్టు కట్టిన చోట రంగెక్కదు, మిగతా అంతా ఎక్కుతుంది. ఇక్కడా అంతే. వెలిగిన సున్నా శుభ్రంగా ఉంది. దాని నుంచి రాలిన మసి వెలగని అంకెలకు పట్టింది, ఏడుకు మరీ ఎక్కువగా.

సాయంత్రం ఇందిరాదేవి వచ్చింది.

"నా ఏడు ఏదండీ, సీతారాములుగారూ?"

"నేనే చెడగొట్టిన మేడం. నేనే తెస్త."

"ట్యూబు పోతే మళ్లీ దొరకదండీ."

"ఎరుకనే. జర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

ఎడమ చెయ్యి వెనక్కి పోయింది. మిగతా అంకెలు ఆర్పి, ఏడుకొక్కదానికే కరెంటు కొంచెం పెంచాడు. ఎక్కువైతే తీగ పోతుంది, తక్కువైతే మసి పోదు. కరెంటు కొలిచే మీటరు చూడలేదు. రంగు చూసి ఆపాడు, అద్దకం తొట్టి దగ్గర తండ్రి ఆపినట్టు. రెండో చాయ్ అయ్యేసరికి ఏడు కిందిదాకా దిగింది.

"మళ్లీ సమ్మె వస్తేనో?" అంది ఆమె.

"నేను చేస్త మేడం. గడియారం చెయ్యదు."

మర్నాడు పొద్దున షట్టరు సగమే ఎత్తాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఏ అంకెకూ మసి పట్టకుండా నాలుగు ట్యూబుల్లోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకెనూ ఒక్కో నిమిషం వెలిగించాడు. బయట నిలబడ్డ గిరాకీని అది అయ్యేదాకా ఆగమన్నాడు.