గట్టి మనిషి

ఉదయం ఆరూ పదికి వరద సాయానికి మా సైనిక దళం మైదుకూరు దాటి నా సొంత ఊరి మొదట్లో దిగింది. మూడు రోజులుగా వాన. చెరువు కట్ట తెగింది. వంక ఏదో, రోడ్డు ఏదో తెలియలేదు. కరువులో పెరిగిన నేను ఆ చేలల్లో అంత నీరు ఎన్నడూ చూడలేదు.

మాకిచ్చింది రెండో నంబరు రబ్బరు పడవ, మోటారు, రెండు తాళ్లు, లైఫ్ జాకెట్లు, రేడియో సెట్టు. ముందు హవల్దారు, నడుమ రేడియో ఆపరేటరు, వెనక మోటారు దగ్గర నేను. దారి తెలిసినవాడినని నన్ను వేశారు. మేం కాక ఎనిమిది మందికి మించి ఎక్కించవద్దని ఆజ్ఞ.

తొమ్మిదీ నలభైకి ఊరి పెద్ద మిద్దెకు చేరాం. పైన తొమ్మిది మంది. ఆడవాళ్లు, పిల్లలు కలిసి ఏడుగురు పడవలోకి దిగారు. మిగిలింది ఒక చోటు. మిద్దె మీద ఇద్దరు: ఒక గొర్రెల కాపరి, డెబ్బై దాటిన మా ఊరి పెద్దాయన.

ఆయన గురించి చెప్పాలి. పంతొమ్మిదేళ్ల కింద నేను మొదటిసారి ఫౌజుకు ఎంపికైనప్పుడు నా నడవడి విచారించడానికి పోలీసు వచ్చాడు. పెద్దాయన నా ముందే అన్నాడు: "పని బాగ చేస్తాడు గానీ, వీనికి తలబిరుసు శానా." మా చేనికి నీళ్లెందుకు ఆపారని ఆయన్ను మొహం మీదే అడిగాను. అంతే నా తలబిరుసు. అదే నెలలో ఆయన కొడుకు కరెంటాఫీసులో బల్ల గుద్ది అరిచి వస్తే, "మావోనికి ధైర్యం శానా" అని ఊరంతా చెప్పుకున్నాడు. నా ఎంపిక కాగితం వెనక్కి పోయింది. మళ్లీ ఎంపికయ్యే దాకా ఏడాది పాటు ఆయన పసుపు తోటలోనే కలుపు తీశాను.

"ముసలాయన్ని ఎక్కించు" అన్నాడు హవల్దారు హిందీలో.

పెద్దాయన నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "షుగరు ఉండాది మస్తానూ. కాళ్లు వణుకుతాండాయి."

హవల్దారుకు తెలుగు రాదు. నేను ఆ మాట చెప్పలేదు. "ఈయన గట్టి మనిషి సార్. ఓర్పు ఎక్కువ. ఆ కాపరి పిరికివాడు. వదిలితే భయంతో నీళ్లలో దూకుతాడు" అన్నాను. కాపరి పిరికివాడేం కాదు. ఎక్కువ మాట్లాడడు, అంతే.

కాపరి ఎక్కాడు.

"ఏందప్పా, నన్ను ఈడనే ఇడ్సిపోతాండావా?" అన్నాడు పెద్దాయన.

"మీరు ధైర్యం గలోళ్లు. గంటలో వస్తాం."

పడవలోంచి ఊరివాళ్లు చూస్తున్నారు. 'కాదు, నాకు ధైర్యం లేదు' అని వాళ్ల ముందు ఆయన ఎలా అంటాడు?

పదకొండుకు రేడియో పలికింది. "రెండో పడవ, తూర్పు పల్లెకు వెళ్లండి. గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి."

"మరి ముసలాయన?" హవల్దారు నన్నే అడిగాడు.

"ఆగగలడు సార్."

పదకొండూ యాభైకి ఆ మిద్దెకు రెండు వందల గజాల దూరంలోంచి పోయాం. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆజ్ఞ ప్రకారమే పోతున్నాం. ఆజ్ఞ ఉన్నందుకు సంతోషించాను. మోటారు వేగం తగ్గించలేదు.

రెండూ ఇరవైకి ఆయన్ని దింపాం. పెదవులు నల్లబడ్డాయి. తిట్టలేదు. ఒడ్డున అందరూ వినేలా అన్నాడు: "మస్తాను శానా మంచోడప్పా. గుండె ధైర్యం గలోడు." పంతొమ్మిదేళ్లు కాచుకున్న మాట. చెవులారా విన్నాను. హాయిగా ఉండింది. అబద్ధం చెప్పను.

తొమ్మిదో రోజు దళం వెనక్కి వెళ్లింది. తర్వాత రిటైరై ఊరికొచ్చాను. పెద్దాయన ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు. నేను కూర్చోమనను.

కానీ ఒకటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. కళ్లు తిరిగి పడిపోతానని ఆయన తన మణికట్టును నీళ్ల ట్యాంకు పైపుకు తుండుగుడ్డతో కట్టేసుకున్నాడు. మేం తూర్పు పల్లెకు పోతూ దూరంగా కనబడగానే తన కోసమే వస్తున్నామనుకుని విప్పబోయాడు. తడికి ముడి బిగిసిపోయింది. నేను కత్తితో కోసినప్పుడు చూశాను. ముడి కొస అంతా పళ్లతో కొరికి ఉంది.