గవర్రాజు నోటుబుక్కులో అంతా నార్మల్

పార్కిన్సన్స్ వచ్చినందుకు గవర్రాజుకి అంత బాధ లేదు. అదే జబ్బు దొరబాబుకీ వచ్చి, వాడికి తనకంటే తక్కువగా ఉన్నందుకే కడుపుమంట.

స్టీల్‌ప్లాంట్‌లో ఇద్దరూ ఒకే క్రేన్ మీద ఇరవై ఆరేళ్లు చేశారు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కేవాడు. దిగేవాడు లాగ్‌బుక్‌లో క్రేన్ ఎలా ఉందో రాసి సంతకం పెట్టాలి. బ్రేకు జారుతున్నా గవర్రాజు 'నార్మల్' అనే రాసేవాడు. తన షిఫ్టులో లోపముందని దొరబాబు చదవడమా? చచ్చినా కుదరదు.

రిటైరయ్యాక ఇద్దరివీ ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెంలోనే ఇళ్లు, ఇద్దరికీ ఒకరే డాక్టరు. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, ఎంతసేపు పనిచేసింది, వణుకెంత, ఎప్పుడు పడిపోయారు, అన్నీ నోటుబుక్కులో రాయమందావిడ.

గవర్రాజు స్కేలు పెట్టి గళ్లు గీశాడు. ప్లాంటులోలాగే ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. ప్రతి మాత్ర పక్కనా నార్మల్. మధ్యాహ్నం మూడయ్యేసరికి మందు దిగిపోయి, గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. భార్య ధనలక్ష్మి చెయ్యి పట్టుకుని దాటించేది. అదీ నార్మలే.

"నిన్న పడిపోనారు గదా, రాయరేటి?" అందామె.

"రాత్తే డాక్టరమ్మ దొరబాబు ముందే సదువుతాది. ఆడు నవ్వుతాడు."

"ఆయన లుంగీ ఆయనే కట్టుకుంతన్నాడట."

గవర్రాజు కంచం పక్కకి తోసేశాడు.

మొన్న మంగళవారం ఇద్దరూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు గదిలోకీ కలిసే వెళతారు. వాడికేం చెబుతుందో వినాలని గవర్రాజు పెట్టిన అలవాటే అది. దొరబాబు చెయ్యి తొడమీద కుదురుగా ఉంది. గవర్రాజు తన చేతిని చంకలోకి దూర్చాడు.

"ఏటి బావా, సలేత్తందా?"

"ఏసీ ఎక్కువైంది. నోర్ముయ్."

డాక్టరు మొదట దొరబాబు పుస్తకం తీసి పైకి చదివింది. కోడిగీతలు. "'బొత్తాలు పెట్టుకోలేకపోయాను. మూడింటికి గుమ్మంలో ఇరుక్కుపోయాను. బాత్రూంలో ఏడ్చాను.' ఇవి రాసి ఫోన్‌లో చెప్పబట్టే పోయిన నెల మాత్రల టైములు మార్చగలిగాను. ఇప్పుడు నయం కదా?"

గవర్రాజుకి ఒళ్లు మండింది. వీడికీ గుమ్మమేనా! ఏడ్చి మరీ గెలిచాడు వెధవ!

తర్వాత ఆమె గవర్రాజు పుస్తకం పేజీలు తిప్పింది. "మొదట్లో 'నార్మల్' ఇంత పెద్దగా ఉంది. ఇక్కడికొచ్చేసరికి చీమంతయింది. చెయ్యి బిగుస్తోంది కదండీ? నిజం చెప్పండి. లేదంటే ఇవే మాత్రలు రాసి పంపేస్తాను."

ఇవే మాత్రలంటే ఇంకో మూడు నెలలు ధనలక్ష్మి చెయ్యి పట్టుకోవడమే. చెబితే దొరబాబు వింటాడు. గవర్రాజు నేలకేసి చూశాడు.

"మూడింటికి కాళ్లు రావమ్మా. రెండుసార్లు పడిపోనాను."

"రెండేనా బావా? నాను నాలుగుసార్లు పడిపోనాను," అన్నాడు దొరబాబు, పెద్ద ఘనకార్యంలా.

గవర్రాజు చటుక్కున తలెత్తాడు. ఇందులోనూ వీడిదే పైచేయా?

"నాను ఐదు!" అన్నాడు. "బాత్రూంలో రెండు, గుమ్మంలో రెండు, మేడమెట్ల మీద ఒకటి. కావాలంటే మా ఆవిడికి ఫోన్ సెయ్యండి."

ఆ ఐదింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. డాక్టరు పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది.