బావగారి గాలి లెక్కలు

బావగారికి ఉన్నది ఒకటే జబ్బు. లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, మధ్యలో ఎంత మిగిలింది అన్న లెక్క తేలకపోతే ఆయనకు ముద్ద దిగదు. అది మురుగునీళ్ళయినా ఒకటే, గ్లాసులో కాఫీ అయినా ఒకటే.

ఆయన ఊరి మురుగునీళ్ళు శుద్ధిచేసే ప్లాంటులో ఇంజనీరు. కాంక్రీటు తొట్లలో కంటికి కనపడని సూక్ష్మజీవులు చేసే పనంతా కంప్యూటర్లో సమీకరణాలుగా రాసి, చెరువులో కలిసే నీళ్ళలో రేపు నైట్రేటు ఎంత ఉంటుందో ఇవాళే చెప్పడం ఆయన పని. నైట్రేటు ఎక్కువైతే చెరువంతా నాచు పట్టి చేపలకు ఊపిరాడదు. ఆ ప్లాంటులోనే ఆయన భార్య తమ్ముడు ఆపరేటరు. చేరిన రోజు అలవాటుకొద్దీ అందరి ముందూ ‘బావగారూ’ అని పిలిచాడు. సాయంత్రానికల్లా ల్యాబువాళ్ళకీ, వాచ్‌మన్‌కీ, ఆఖరికి చీఫ్ ఇంజనీరుకీ కూడా ఆయన బావగారైపోయారు. ఈ చుట్టరికం ఎటునుంచి కలిసిందో చీఫ్ భార్యకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆపరేటరుకు బిడ్డ పుట్టినప్పుడు బావగారు చూడ్డానికి వచ్చారు. బిడ్డను చూసింది తక్కువ, తూచింది ఎక్కువ. తాగిన పాలెన్నో, తడిసిన గుడ్డలు ఎంత బరువున్నాయో కొలిచి పెదవి విరిచారు.

“లెక్క కుదరట్లేదోయ్. వచ్చిందానికీ పోయిందానికీ తేడా ఉంది.”

“మీ చొక్కా మీద పోసింది కలిపారా బావగారూ?”

బావగారు చొక్కా చూసుకుని, “ఆహా! కుదిరింది” అని మురిసిపోయారు.

ఇంట్లో బిస్కెట్లు మాయమైనప్పుడు జరిగిన భాగోతం ఇంకో రకం.

“డబ్బాలోకి వచ్చినవి ఇన్ని, మనం తిన్నవి ఇన్ని. మిగతావేవి?”

“ఏ ఎలకో తినుంటుంది, వదిలేయండి” అంది ఆపరేటరు అక్క.

“ఎలకయితే పొడి రాలుస్తుంది. పొడి ఎక్కడ?”

పాపం, నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఫ్రిజ్ తలుపు మీద గ్రాఫు అంటించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టారు. అత్తగారైతే ఊపిరి బిగబట్టి వింది.

“తేలింది” అన్నారు బావగారు. “గాలిలో కలిసిపోయాయి.”

ఇల్లంతా గొల్లున నవ్వింది. ప్లాంటులో ఆ మాట నిజమే. సూక్ష్మజీవులు నైట్రేటును గాలిగా మార్చి పైకి వదిలేస్తాయి. అందుకని ఆయన లెక్కల్లో గాలికి ఎప్పుడూ ఒక వాటా ఉంటుంది. ఆ వాటాను ఆయన ఇంటిక్కూడా తెచ్చుకున్నారు. పోయిన గొడుగూ గాలిలోనే, పగిలిన కప్పూ గాలిలోనే. కొండను తవ్వి ఎలకను పడతారంటారు. బావగారు అంత కొండా తవ్వి, ఎలకను కూడా వదిలేసేవారు. ‘ఇంత చదువూ చదివి ఏం లాభం?’ అనుకునేవాడు ఆపరేటరు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ప్లాంటులో తొట్టి పొంగింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు గులాబీరంగు నురగ గోడ దాటి, చీఫ్ ఇంజనీరు కొత్త కారును నున్నగా కప్పేసింది. పైగా పళ్ళ వాసన.

“ఎవడో దొంగచాటుగా కాలవలోకి ఏదో వదులుతున్నాడు!” చీఫ్ గొంతు చెరువు దాకా వినిపించింది. “బావగారూ, వాణ్ణి పట్టుకోండి. దొరికిన రోజే వాడి దుకాణానికి సీలు వేయిస్తా!”

బావగారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. రోజులు గడిచాయి. నురగ మళ్ళీ రాలేదు, దొంగ పేరూ రాలేదు.

“ఏమైంది?” అని చీఫ్ అడిగినప్పుడల్లా, “లెక్క ఇంకా తేలలేదు సార్” అనేవారు.

“ఇదీ గాలిలోనే కలిసిందా?” అని చీఫ్ వెటకారమాడితే, బావగారికి బదులు ఆపరేటరు తల దించుకునేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం బావగారు బావమరిదిని వెంటేసుకుని ఊళ్ళోకి బయల్దేరారు. వీధి మొదట్లో ఒక మ్యాన్‌హోల్ మూత ఎత్తించి, వంగి గట్టిగా వాసన పీల్చారు.

“బావగారూ, జనం చూస్తున్నారు!”

“చూడనీ. పీల్చేది వాళ్ళ ముక్కుతో కాదుగా.”

అక్కణ్ణుంచి ఇంకే మూతా ఎత్తలేదు. రెండు సందులు తిరిగి, ఒక రేకుల షెడ్డు ముందు ఆగారు. లోపల కొందరు ఆడవాళ్ళు పళ్ళు తరుగుతున్నారు. ఒక పెద్దావిడ జామ్ కలుపుతున్న గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

“మళ్ళీ వచ్చారా బాబూ? రండి.”

మళ్ళీనా! ఆపరేటరు బావగారి వంక చూశాడు. బావగారు ఆకాశం వంక చూశారు.

“మీరు చెప్పినట్టే పళ్ళు కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ డ్రముల్లో పడుతున్నాం. చుక్క కాలవలో పోయలేదు. కానీ డ్రములన్నీ నిండిపోయాయి బాబూ. రేపటికి చోటు లేదు. మూసుకోమంటారా?”

లోపల కత్తుల చప్పుడు ఆగిపోయింది.

“పోయలేదని ఇందాకే మ్యాన్‌హోల్లో వాసన చూసొచ్చా. రేపటి సంగతి ఇవాళ తేల్చేస్తానమ్మా. ఒక్క డ్రము నాకివ్వండి.”

ఆటోలో డ్రమును పట్టుకుని వస్తూ ఆపరేటరు ఇక ఉండబట్టలేకపోయాడు.

“ఈవిడేనని ఎప్పుడు తెలిసింది?”

“నురగొచ్చిన మర్నాడే. నైట్రేటు ఏ వేళకు తగ్గుతోందో చూసి, తీపినీళ్ళు ఎంత దూరం నుంచి వస్తున్నాయో వెనక్కి లెక్కగట్టా.”

“మరి చీఫ్‌గారికి తేలలేదన్నారు!”

“ఎవరో తేలింది. ఏం చెయ్యాలో తేలలేదుగా! ముందే పేరు చెప్తే సీలే కదా?”

ఆపరేటరుకు అనుమానమొచ్చింది. “బావగారూ, ఇంట్లో ఆ బిస్కెట్లు…”

“మీ అమ్మగారే.”

“అమ్మకి షుగరు కదండీ!”

“అందుకేనోయ్. పేరు చెప్తే మీ అక్క ఇల్లు పీకి పందిరేస్తుంది, పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. చక్కెర లేని బిస్కెట్లు తెచ్చి డబ్బాలో మార్చేశా. అవంత రుచిగా లేవనుకుంటా, ఈమధ్య గాలిలో కలవడం కూడా మానేశాయి.”

ఆపరేటరు డ్రమును ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకున్నాడు.

చీఫ్ గదిలో బావగారు కంప్యూటరు తెరిచారు.

“దొంగ దొరికాడా?”

“దొంగ కాదు సార్, వంటావిడ. నైట్రేటును గాలిగా మార్చాలంటే తొట్టిలో మనవాళ్ళకి, అదే ఆ సూక్ష్మజీవులకి, తీపి తిండి కావాలి. దానికోసమే మనం మొలాసిస్, అదే చెరకు మడ్డి, కొని పోస్తున్నాం. ఈవిడ ఊరికే పెడుతోంది. కాకపోతే పళ్ళు ఎక్కువొచ్చిన రోజున అంతా ఒక్కసారే వడ్డించేసింది. మనవాళ్ళకి అజీర్తి చేసింది.”

“ఆ అజీర్తి నా కారు మీద చేసింది!”

“కొద్దికొద్దిగా, గాలి ఊదని తొట్టిలో పోస్తే నైట్రేటు ఇలా దిగుతుంది” అంటూ తెర మీద గీత చూపించారు.

“గీత బానే దిగుతోంది. నీళ్ళలో దిగకపోతే?”

“అప్పుడు మీ ఇష్టం సార్.”

ఒక్క తొట్టిలో పోసి చూడ్డానికి చీఫ్ ఒప్పుకున్నాడు. మొదటిరోజు నైట్రేటు కదల్లేదు. ఆపరేటరు పంపు దగ్గర్నుంచి లేవలేదు, భోజనం కూడా అక్కడే. రెండోరోజూ అంతే. “కొత్త తిండి కదా, మొహమాటపడుతున్నారు” అన్నారు బావగారు. కానీ ఆయన గొంతులోనూ ధీమా లేదు. ఆ మర్నాడు ల్యాబు అమ్మాయి పరీక్షనాళిక పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“దిగింది బావగారూ! మీ గీత కంటే కిందకి దిగింది!”

చీఫ్ ఆ నాళికను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. “సరే, సీలు వద్దు. ఆవిడ డ్రములన్నీ మనకే పంపమనండి” అని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “గులాబీరంగు రోజున మాత్రం నా కారు బయట పెట్టిస్తా.”

అప్పట్నుంచి షెడ్డు వ్యాను రోజూ ప్లాంటుకు వస్తోంది. ఒకరోజు ఆలస్యమైంది. గేటు దగ్గర ఫోను పట్టుకుని అరుస్తున్న మనిషెవరా అని ఆపరేటరు తొంగిచూస్తే, చీఫ్ ఇంజనీరు.

“ఏం పెద్దమ్మా, ఇంకా రాలేదేం? ఇక్కడ మనవాళ్ళు ఆకలితో ఉన్నారు! ఆఁ? ఇవాళ పైనాపిలా?”

పక్కనే నిలబడ్డ బావగారు ఉలిక్కిపడ్డారు.

“పైనాపిలా! ముందే చెప్పొద్దూ!” అంటూ కొత్త లెక్క కట్టడానికి చెప్పులు కూడా వేసుకోకుండా కంప్యూటరు గదికి పరుగు తీశారు.