బారాత్ గుర్రాన్ని నేనెందుకు అమ్మలేదంటే...

మా చిన్నతనంల... పొద్దుగాల గుర్రం సకిలించినంకనే మా ఇంట్ల పొయ్యి అంటుకునేది. మా బాపు మొయినాబాద్ నుంచి చిల్కూరు గుడిదాంక జట్కా నడిపేటోడు. గుర్రం పేరు మోతి. తెల్లటి ఆడగుర్రం.

నాకు సదువు రాదు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. ఒక్క మాట మార్చినా ఊకోనని ముందే చెప్పిన.

మోతికి ఉలవలు ఉడకబెట్టే పని నాది. చల్లారినయా లేదా అని చెయ్యి పెట్టి సూసి, అప్పుడు తొట్టిల పోసేదాన్ని. నా అరచేతిల బెల్లం ముక్క కోసం అది మూతి ఆనిస్తే... ఆ మెత్తదనం ఏం చెప్పాలె.

"ఆడపిల్లకు గుర్రం కాడ ఏం పనే?" అని మా అవ్వ తిట్టేది.

"గుర్రం గూడ ఆడపిల్లనే గదా" అనేటోడు బాపు.

బస్సులు పెరిగినయి... జట్కా ఎక్కేటోళ్ళు తగ్గిన్రు. ఒకనాడు బాపు మోతిని సంతకు తోలుకపోయిండు. మాపటికి ఒక్కడే నడుసుకుంట వచ్చిండు. నేను కొట్టంల గడ్డి మీద పడి ఏడ్చిన. "పెద్దగయినంక నేను గుర్రం కొంట" అన్న. "కొను బిడ్డా" అన్నడు, నా మొకం సూడకుంట.

కొన్న... కని అప్పటికి నెత్తి నెరిసింది. హైటెక్ సిటీ లేసింది, మా దిక్కు భూముల ధరలు లేసినయి. ఆంధ్ర నుంచి వచ్చిన కంప్యూటర్ నౌకరోళ్ళు ఆదివారం కార్లేసుకొని రావట్టిన్రు. వాళ్ళ పిల్లలు బర్రె కనిపించినా కారు ఆపిచ్చి సూసేటోళ్ళు. గీ పిల్లలను గుర్రం ఎక్కిస్తే ఎట్లుంటది అనుకున్న.

పట్నంల పెండ్లి బారాత్‌లకు తిరిగిన బిజిలి అనే గుర్రం అమ్మకానికున్నదంటే పట్టుకొచ్చిన. నా కొడుకు మల్లేశం మొత్తుకున్నడు. "ఈ ఆదివారం సూస్త. నడవకపోతే సంతల అమ్ముడే. మళ్ళ ఏడ్వద్దు" అన్నడు.

ఆదివారం వచ్చింది. ఒక సారు, మేడమ్ వాళ్ళ బిడ్డను తెచ్చిన్రు. పిల్లను ఎక్కించి, తాడు పట్టుకొని వాడలకు నడిపిచ్చిన. మొదటి ఇంటి వాకిలి రాంగనే బిజిలి ఆగింది. గుంజిన... కదల్లే. బెల్లం సూపిచ్చిన... మొకం తిప్పుకున్నది. మల్లేశం చేతులు కట్టుకొని సూస్తున్నడు.

అప్పుడు నాకు మతికొచ్చింది. బారాత్‌ల ప్రతి వాకిలి ముందట గుర్రాన్ని ఆపుతరు. పెండ్లికొడుకు దోస్తులు ఆడినంకనే కదిలిస్తరు. పాపం, దీనికి అదే అలవాటు.

"సారూ, మీరు జర ఆడాలె" అన్న.

"నేనా? ఏం ఆడాలండీ?"

"దాని ముందట డాన్సు. పెండ్లికొడుకు దోస్తు లెక్క."

ఆయన భార్య దిక్కు సూసిండు. "మా తమ్ముడి పెళ్ళిలో ఆపమన్నా ఆపలేదుగా, ఇప్పుడేమొచ్చింది సిగ్గు?" అన్నది ఆమె.

సారు ఫోను జేబుల పెట్టి, రెండు చేతులు పైకెత్తి ఎగిరిండు. బిజిలి చెవులు నిక్కపొడిచింది... నడిచింది. రెండో వాకిట్ల మళ్ళ ఆగింది. సారు మళ్ళ ఆడిండు. మూడో వాకిట్ల మేడమ్ గూడ కలిసింది. గుర్రం మీద పిల్ల కడుపు పట్టుకొని నవ్వుతున్నది. వాడంత బయటికొచ్చింది.

"డప్పు లేకుంట ఆటేందిరా?" అన్నరెవరో. మల్లేశం చెయ్యి ఊకోలే. కుడితి బకెట్ బోర్లేసి దరువెయ్యవట్టిండు.

సంత రోజు వాడు పోయిండు. బిజిలిని తోలుకపోలే. తిరిగొచ్చేటప్పుడు చిన్నపిల్లలకు సరిపోయే జీను తెచ్చిండు.

ఇప్పుడు మా కొట్టంల మూడు గుర్రాలున్నయి. బిజిలి మటుకు లేదు, ముసల్దయి నా చేతులల్లనే పోయింది. "ఈ వయసుల గుర్రాలేంది, అమ్మి ఇంట్ల కూసో" అనేటోళ్ళకు ఇదే నా జవాబు. కాళ్ళు ఆడినన్ని రోజులు నేను కూసోను.

ఇప్పుడు రోడ్డు నిండ కార్లే... గుర్రాన్ని వాడలకు తీస్కపోయే దారి లేదు. మా కంచె లోపలనే తిప్పుతున్నం. పిల్లలు దిగంగనే ఫోటో ఎట్లొచ్చిందని అడుగుతరు. గుర్రం పేరు అడిగేటోళ్ళే తక్కువయిన్రు.

మీ ఊర్ల గూడ జట్కా నడిచే ఉంటది... ఆ గుర్రం పేరేంది? మీకు ఎరుక లేకుంటే మీ ఇంట్ల పెద్దమనిషిని అడుగుండ్రి. వాళ్ళు చెప్పంగనే కింద రాయుండ్రి... మనుమరాలితోని సదివిచ్చుకుంట.