చందనపు పిడి చాకు

ఈ రోజు పొద్దున నేను మా బాపు మడత చాకుకు వార్నిష్ పూశాను. చందనపు పిడికి వార్నిష్. దసరా కదా, పూజలో పెట్టే పనిముట్లన్నీ మెరుస్తుంటే అదొక్కటి మాసిపోయి ఎందుకుండాలనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగకుండా పనికి దిగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, మెరిసేదల్లా మంచిదనుకోవడం దానికి తోడు. కిటికీలో ఆరబెట్టిన పిడి అద్దంలా తళతళలాడుతుంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఇల్లంతా వార్నిష్ వాసన. ఆ వాసనలోకే అత్తవారి ఊరు కిమ్ నుంచి మా సత్తెక్క వచ్చింది.

అక్క వచ్చిందే ఆ చాకు కోసం. అది ఆమెది. పెళ్లయి వెళ్తున్నప్పుడు, పుట్టింటి నుంచి ఆడపిల్ల కత్తి తీసుకుపోకూడదని అవ్వ ఆపేస్తే ఇన్నేళ్లూ, బాపు పోయాక కూడా, సూరత్ అమ్రోలిలో నా దగ్గరే ఉండిపోయింది. ఆ పట్టింపులు ఇక చాలనీ, ఈ దసరా పూజ కాగానే తన వెంట తీసుకుపోతాననీ మొన్న ఫోనులో చెప్పింది. రాగానే కాళ్లు కడుక్కుని, చాకును గుప్పిట్లో మూసి పట్టుకుని, కాసేపాగి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మళ్లీ ఒకసారి తెచ్చుకుంది.

"ఇది బాపు చాకు కాదురా తమ్మీ," అన్నది. గొంతులో కోపం లేదు. "దుకాణంల కొత్తగ కొన్నట్టున్నది."

చేసింది చెప్పాను. అక్క చాకును పీట మీద పెట్టి, మంచినీళ్లు అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ చాకు అంటే ఏమిటో చెప్పాలంటే మా బాపు దగ్గర మొదలుపెట్టాలి. ఉత్తర తెలంగాణ నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేయడానికి సూరత్ వచ్చిన మనిషి. కార్ఖానా నుంచి ఇంటికొస్తే ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది: మరనూనె, కొత్త బట్ట గంజి, బీడీ, వీటన్నిటి కింద, చొక్కా జేబు దగ్గర మాత్రం, చల్లగా చందనం. పాత నగరంలో చందనపు పెట్టెలు చెక్కే ముసలాయన ఒకడుండేవాడట. ఆ సందులో నడిచినప్పుడల్లా బాపు అతని గడప దగ్గర ఆగి, చెక్కుడు పొట్టు రాలుతుంటే చూస్తూ నిలబడేవాడు. చూసి చూసి చివరికి, పెట్టె మూతకు సరిపోక మిగిలిన ముక్కతో తన చాకుకు పిడి చేయించుకున్నాడు. దాని మీద చెక్కుడు పని ఏమీ లేదు. బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం, అంతే.

మడిచినప్పుడు అది పిల్లల చేతికివ్వదగ్గ బొమ్మ. తెరిస్తే టక్కుమని చిన్న శబ్దం, ఆ శబ్దానికి గదిలో ఉన్న పిల్లలందరం తలలు తిప్పేవాళ్లం, ఎందుకంటే ఆ తర్వాత ఏదో ఒకటి కోసి పెట్టడం ఖాయం. వానాకాలం తాపీ నది ఎర్రగా పొంగి పిల్లలను గడప దాటనివ్వని రోజుల్లో కాల్చిన మక్కకంకి మీద నిమ్మచెక్క, చలికాలం జామకాయలో ఉప్పూ కారం కూరడానికి పెట్టే గాట్లు, ఎండాకాలం మామిడికాయ తొక్క తెగకుండా చివరిదాకా పాములా వేలాడే విద్య, అన్నీ ఆ చాకుతోనే. మా పెన్సిళ్లు బడిలో మిగతా పిల్లల పెన్సిళ్ల కంటే మంచి వాసన వచ్చేవి. మా గుజరాతీ టీచరు నా పెన్సిల్ తీసుకుని వాసన చూసి తిరిగిచ్చిన రోజు నేను కార్ఖానా సేఠ్ కొడుకులా నడిచాను. చెక్కకు చేతివేడి తగలాలి, అప్పుడే నిండుగా వాసన ఇస్తుంది. పెట్టెలో దాచిపెడితే దాదాపు మూగగా ఉంటుంది. పనిచేసేవాడి చేతిలోనే అది పలుకుతుంది. బాపుకు అందులో నచ్చింది అదేనని నాకిప్పుడు అనిపిస్తుంది.

దసరా అంటే సాంచాలు ఆగే రోజు. రోజంతా చెవులు దద్దరిల్లే షెడ్డులో ఒక్కసారిగా పిచ్చుకల అరుపు వినిపించేది. ముందురోజే ఊడ్చి, కడిగి, సాంచాలకు బంతిపూల దండలు కట్టేవారు. బయట ఫాఫ్డా, జిలేబీల కోసం జనం వరసలు, లోపల మా వాళ్ల గారెలూ కోడికూరా. ప్రతి నేతగాడూ తన పనిముట్టు తెచ్చి ఎర్రబట్ట మీద పెట్టి బొట్టు పెట్టాలి. ఆ పొద్దు పనిముట్టు లేనివాడికి ఏడాదంతా పని కుదురుగా సాగదని మా వాళ్ల నమ్మకం.

ఒక దసరా పొద్దున బాపు జేబులో చాకు లేదు.

పోగులు కోస్తూ ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. సాంచాల కింద, పురికొసల మధ్య, అందరూ వెతికారు. తుక్కు దారం బస్తాలు మాత్రం మిగిలాయి, వాటిని కొన్నవాడి టెంపో అప్పటికే వాకిట్లో హారన్ కొడుతోంది. అన్నీ విప్పి కుమ్మరిస్తే పూజ వేళ దాటిపోతుంది. ఇంకొకటి కొనుక్కోవచ్చులే అన్నారు పక్కవాళ్లు. మాటిమాటికీ ఖాళీ జేబు మీదికి బాపు చెయ్యి పోతుంటే చూసి నాకు ఏడుపొచ్చింది.

పట్టులంగా కట్టుకుని గారెల గిన్నె మోసుకొచ్చిన సత్తెక్క ఆ గిన్నె నా చేతిలో పెట్టి, బస్తాల వరసలోకి వెళ్లింది. ఒక్కొక్క బస్తా మూతికి ముక్కు ఆనించి గట్టిగా పీల్చడం మొదలుపెట్టింది. దుమ్మూ, నూనె కంపూ. తుమ్ముతుంది, ముక్కు తుడుచుకుంటుంది, పక్క బస్తాకు పోతుంది. నేతగాళ్లంతా మూగారు. బాపు పక్క సాంచా మీద నేసే మల్లయ్య కాక, మనిషి మంచివాడే గానీ నోరు ఆగదు, కడుపు పట్టుకుని నవ్వాడు.

"రాజన్నా, నీ బిడ్డ పోలీసు కుక్క లెక్క వాసన వడ్తున్నది."

అక్క తల కూడా ఎత్తలేదు. "కుక్కనైతే ముందుగాల నిన్నే కరుస్తుంటి కాకా."

నవ్వు మల్లయ్య కాక మీదికి తిరిగింది. అప్పటికి ఆమె గోడవారనున్న బస్తా దగ్గర ఆగింది. పీల్చింది. ఇటు తిరిగి గాలి మార్చుకుని మళ్లీ పీల్చింది. "గిండ్ల ఉన్నది. విప్పుండ్రి."

టెంపోవాడు గొణిగాడు. మల్లయ్య కాకే వచ్చి ముడి విప్పాడు. దారపు చిక్కులు కుప్పగా పడ్డాయి, చాలాసేపు దారం తప్ప ఏమీ లేదు, బాపు ముఖం మళ్లీ వాడిపోయింది. ఆఖరున బస్తాను తలకిందులు చేసి దులిపితే, అడుగు నుంచి, దారం చుట్టుకుని, చాకు ఠంగుమని నేల మీద పడింది.

ఆ షెడ్డులో అలాంటి కేక నేను మళ్లీ వినలేదు. మల్లయ్య కాక అక్కను భుజాల మీదికెత్తుకుని సాంచాల చుట్టూ తిప్పాడు. ఎవరో బంతిపూల దండ తీసి ఆమె మెడలో వేశారు. ఎర్రబట్ట మీద చాకు అన్నిటికంటే ముందుకు వచ్చింది. బాపు దానికి బొట్టు పెట్టి, అందరూ వినేట్టు అన్నాడు: "ఇగ ఇది నీదే బిడ్డా. నేను నిన్ను అడిగి వాడుకుంట."

మాటవరసకు అనలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున పనికి పోయేముందు, చెప్పులు వేసుకుని, చాకు పెట్టిన గూటి దగ్గర నిలబడి, "తీస్కపోనా బిడ్డా?" అని అడిగేవాడు. ఆమె నిద్రమత్తులో తలూపేదాకా చెయ్యి చాపేవాడు కాదు. ఇన్ని కార్ఖానాలు తిరిగి నలుగురి మీద మేస్త్రీగా పెత్తనం చేసే నేను, ఆ ఒక్క మాట ఈ పొద్దున అడగలేకపోయాను.

ఇప్పుడు పూజకు వేళవుతోందని మా అబ్బాయి తొందరపెట్టాడు. నేను ఆగమన్నాను. గరుకు కాగితం తెచ్చుకుని గడపలో కూర్చుని పిడి రుద్దడం మొదలుపెట్టాను. చాలాసేపు వార్నిష్ పొడే రాలింది, ఆ ఘాటే వచ్చింది. కింద చెక్క బయటపడ్డాక కూడా వాసన లేదు. లోపలిదాకా ఇంకిపోయిందేమో, బాపు వేలి పల్లం కూడా అరిగిపోతుందేమో అని ఆగి ఆగి పొడి ఊది చూశాను. అక్క వచ్చి పక్కన కూలబడింది. నా చేతిలోని కాగితం లాక్కుని, మరీ నున్నటిది తెమ్మని మా అబ్బాయిని పంపింది. అది రాగానే పల్లం ఉన్న చోట తాను మెల్లగా, వేలికొసతో రుద్ది, చాకు మళ్లీ నా ముందు పెట్టింది.

"ఊకె రుద్దకు. జరసేపు గుప్పిట్ల వట్టుకో."

పట్టుకున్నాను. వీధిలో గర్బా పాటలు, వంటింట్లో నూనె చిటపటలు. అక్క నా గుప్పిట మీదికి వంగింది, పీల్చింది, కళ్లు మూసుకుంది.

"వచ్చిండు బాపు," అన్నది.

తర్వాత ఇల్లంతా తిరిగాం. మా అబ్బాయికీ, నా భార్యకూ, పక్కింటి గుజరాతీ బెన్‌కూ, మెట్లెక్కుతున్న పాలవాడికీ అందరికీ ముక్కు దగ్గర పెట్టి చూపించింది అక్క, అప్పటిలాగే గెలిచిన ముఖంతో. పూజ ఆలస్యమైంది. ఎవరికీ పట్టలేదు.

ఆ పెట్టెల ముసలాయన సందులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నేను పనిచేసే షెడ్డులో నీటి ఒత్తిడితో నడిచే మగ్గాలు పోగును వాటంతట అవే తెంపుకుంటాయి, మేస్త్రీ జేబులో చాకు అక్కర్లేదు. మల్లయ్య కాక లేడు. పెన్సిళ్లు చెక్కించుకునే పిల్లలూ మా ఇంట్లో లేరు.

పూజ అయ్యాక అక్క చాకు తెరిచి, కొట్టిన కొబ్బరికాయలోంచి ముక్క చెక్కి నా నోట్లో పెట్టింది. కొబ్బరికి చందనం అంటింది. నేను చాకును తుడిచి, మడిచి, కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే పగ వస్తుందంటారు కనుక ఆమె ముందు నేల మీద పెట్టాను. ఆమె వంగి తీసుకుంది, బొడ్లో దోపుకుంది. ఆమె కిమ్ పోయే బండి ఎక్కేదాకా సంచి నేనే మోశాను.