అగ్గి కోసం వచ్చేవారు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన మట్మారి ఊళ్ళో నన్ను ఎరగనివారు లేరు, కానీ నాతో మాట్లాడినవారు ఎందరు? నొప్పించాలని అనడం లేదు. నాకు మనసు జబ్బు చేసి, లేని గొంతులు చెవుల్లో వినబడడం మొదలయ్యాక నా భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది, మా అన్న నా మంచం కొట్టంలో వేయించాడు, వదిన అన్నం గడప దగ్గర పెట్టి గిన్నె చప్పుడు చేసి వెళ్ళిపోయేది, జబ్బు అంటుకుంటుందేమోనని నా చేతి నీళ్ళు ఎవరూ తాగేవారు కాదు.

అయితే ఒక విచిత్రం! నా చేతి నీళ్ళు తాగనివారు నా బీడీ నుంచి అగ్గి తీసుకునేవారు. పత్తి చేలకు పోయేవాళ్ళు నా దగ్గర ఆగి, వంగి, తమ బీడీని నా బీడీకి ఆనించి దమ్ము లాగేవారు, అలా లాగినవారు మీలోనూ కొందరున్నారు. ఆ ఒక్క క్షణం ఇంకో మనిషి ముఖం నా ముఖానికి దగ్గరగా వచ్చేది. అందుకే నా బీడీ ఆరనిచ్చేవాణ్ణి కాదు, దగ్గుతో గుండెలు ఎగిరిపడుతున్నా ఒకదానితో మరొకటి ముట్టించేవాణ్ణి. మా అన్న కూడా మాత్రలతో పాటు బీడీ కట్ట తెచ్చి, "పోనీ పాపం, వానికి అదొక్కటే సుఖం" అనేవాడు.

రాయచూరులో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకసారి నా దగ్గు విని, "బీడీ ఇడవాలని నీకున్నదా, సామేలన్నా?" అని అడిగింది. ఆ మాట నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు! నాకు ఏడుపొచ్చింది. బీడీ మీద యావ తగ్గడానికి నమిలే మందు ఇచ్చి, బీడీ మానితే మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చని, అది తానే చూసుకుంటానని, నా అంతట నేను మాత్రలు ఆపవద్దని చెప్పింది.

ఇంటికొచ్చి మోకాళ్ళూని, "ప్రభువా, బీడీ ఇడుస్త. గానీ అగ్గి లేకుంటే నా తాన ఎవరొస్తరు? నువ్వన్న రా" అని ప్రార్థించాను.

నోరు పీకింది, లేని బీడీ కట్ట కోసం జేబు తడుముకున్నాను, కానీ అన్నిటికంటే కష్టమైంది, ఎవరైనా "సామేలూ, అగ్గుందా?" అంటే "లేదు, ఇడిచిన" అనడం. వారు తల ఊపి వెళ్ళిపోయేవారు, పోనుపోను అడగడమే మానేశారు. కొట్టం ముందు కూర్చుని, యేసయ్యా, ఇంత ఒంటరితనానికా నన్ను విడిపించావు అని ఏడ్చాను. తట్టుకోలేక మళ్ళీ ముట్టించాను కూడా, డాక్టరమ్మ తిట్టలేదు, ఇంకోసారి మొదలుపెట్టమంది.

ఒక సాయంత్రం గొర్రెలు తోలుకొచ్చే తిప్పన్న తాత నా ముందు ఆగాడు. ఎన్నో ఏళ్ళు నా బీడీతో తన బీడీ ముట్టించుకున్న మనిషి.

"అగ్గి లేదు తాతా" అన్నాను.

"ఎర్కే" అని కర్ర గోడకు ఆనించి నా పక్కన కూర్చున్నాడు. "ఊకనే వచ్చిన. జర నీళ్ళియ్యి."

నా చెంబుతోనే ఇచ్చాను, తాగాడు. దేవునికే మహిమ!

ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను, అవీ ప్రభువు దయే. బీడీ లేదు. తాత రోజూ రాడు, రాని సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది, దేవుని ఎదుట అబద్ధం చెప్పను. అప్పుడు "నువ్వన్న రా" అని మళ్ళీ పిలుస్తాను, ఆయన వస్తాడు. మీరూ పిలవండి, నమ్మండి! ఇంకొక్క మాట, మీ ఇంటి కొట్టంలో నాలాంటివాడు ఉంటే బీడీ కట్ట పంపకండి, వెళ్ళి అతని చేతి నీళ్ళు తాగండి. ఆమేన్.