సూరి గిటారుకు పికప్పులు

పదవీ విరమణకు పద్నాలుగు నెలలు మిగిలి ఉండగా, జూలై మొదటి సోమవారం నాడు నన్ను మా కార్ఖానాలోని ఎలక్ట్రికల్ రిపేర్ షాపుకు వైండింగ్ సెక్షన్ ఫోర్‌మన్‌గా వేశారు. అంతకు ముందు చాలా ఏళ్ళు అదే సెక్షన్లో వైండర్‌గా, తర్వాత చార్జ్‌మన్‌గా చేశాను. మోటారు కాలిపోతే అందులోని పాత రాగి తీగ చుట్లు తీసేసి, కొత్తవి చుట్టి, వార్నిష్ పట్టించి, ఓవెన్లో కాల్చి, పరీక్ష చేసి పంపడం మా పని. ఫోర్‌మన్ అయ్యాక చేతికి మసి తగ్గి, సంతకాలు పెరుగుతాయి. నాకది పెద్దగా నచ్చలేదు.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. మోటారుతో పాటు జాబ్ కార్డు వస్తుంది. అందులో మొదటి గడి ఆపరేటరు ఫిర్యాదు. ‘వేడెక్కుతోంది’ అనో, ‘బరువు లాగడం లేదు’ అనో అతను రాసింది రాసినట్టు తీసుకోవాలి. మా మీటరు బాగానే ఉందని చెప్పినా సరే, ఆపరేటరుతో వాదించకూడదు. రోజూ దాన్ని నడిపేవాడికి తెలిసినంత మనకు తెలియదన్నది మా పెద్ద ఫోర్‌మన్ నేర్పిన మాట. నేను కూడా కుర్రాళ్ళకు అదే నేర్పాను. ఈ కట్టుబాటు మమ్మల్ని చాలాసార్లు కాపాడింది. ఒక్కసారి మాత్రం ముంచింది. ఆ ఒక్కసారి గురించే ఇక్కడ రాస్తున్నాను.

మా షాపు క్రేన్ ఆపరేటరు సూర్యనారాయణ. అందరికీ సూరి. కలకత్తా వైపు ఉన్న మా ఉక్కు ఊళ్ళో గోల్‌మురి క్వార్టర్లలో ఉండేవాడు. నేను బిర్సానగర్‌లో. ఇద్దరం ఒకే సంవత్సరం ఉద్యోగంలో చేరాం. వయసులో ఉన్నప్పుడు మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. దసరా రోజుల్లో తెలుగువాళ్ళు వేసే స్టేజీ మీద సూరి గిటార్ వాయించేవాడు, నేను యాంప్లిఫయరు చూసుకునేవాణ్ణి. అతని గిటారు పూర్తిగా చెక్క దిమ్మ కాదు, పూర్తిగా డొల్ల కూడా కాదు. మధ్యలో దిమ్మ, రెండు పక్కలా ఖాళీ, పైన మనల్ని చూసి నవ్వినట్టుండే రెండు వంకర రంధ్రాలు. సెమీ హాలో అంటారు. కలకత్తాలో ఎవరో వాయించి వదిలేసింది కొన్నాడు. తీగల శబ్దాన్ని పట్టే మెడ దగ్గరి పికప్ మీద అతను నెమ్మదిగా ఒక స్వరం మీటితే, అది గుండ్రంగా లేచి, మైదానం చివర చాయ్ బండి దాకా వెళ్ళి ఆగేది. ఇలా రాస్తుంటే ఆ స్వరం నాకింకా వినబడుతోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పోగొట్టుకున్న వాటిలో తిరిగి కావాలని అడగదగ్గది అదొక్కటే.

ఆర్కెస్ట్రా ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఆ సంవత్సరం దసరాకు పాతవాళ్ళందరినీ ఒక్క సాయంత్రం స్టేజీ ఎక్కించాలని మా తెలుగు సంఘంవాళ్ళు అనుకున్నారు. ఆ కబురు వచ్చిన మర్నాడే సూరి గిటారు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

“ఒరే పైడీ, దీని గొంతు సచ్చిపోయిందిరా. తీగలు మూడుసార్లు మార్సినాను. కంగుమనట్లేదు. ఆ పాత గొంతు నాకు మల్లీ కావాల. దసరాకి ఒక్కపాలి దాన్ని ఇనీసి, ఆ తర్వాత మూల పడీసినా పర్నేదు.”

వాయించి చూపించాడు. నా చెవికి అది పాత గొంతు లాగే ఉంది. అదే మాట పైకి అనబోయి ఆగాను. ముప్ఫై ఏళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నవాడు బాగాలేదంటుంటే కాదనడానికి నేనెవర్ని? మనసులోనే జాబ్ కార్డు రాసేసుకున్నాను. ఫిర్యాదు: శబ్దం మందగించింది.

పికప్ అంటే మా భాషలో చిన్న కాయిల్. అయస్కాంతం మీద వెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఇనుప తీగ కదిలితే ఇందులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది, ఇక్కడ తీగ ఆడితే కరెంటు వస్తుంది. అందుకే ఆ పని నా చేతిలోదే అనుకున్నాను. మీటరు పెడితే ఏడున్నర కిలో ఓములు చూపించింది. అంటే కాయిల్ నిక్షేపంలా ఉంది. కానీ ఫిర్యాదు ఉంది కదా. వర్షాకాలంలో మోటారు మందగిస్తే మేము ముందుగా అనుమానించేది తేమని. దానికి మా దగ్గర ఒకటే మందు, వార్నిష్ తాగించి కాల్చడం. మంగళవారం జనరల్ షిఫ్టు అయ్యాక ఆ పికప్‌ను గిటారు నుంచి విప్పి, వార్నిష్‌లో ముంచి, కొత్తగా చుట్టిన ఒక మోటారు స్టేటరు పక్కన ఓవెన్లో పెట్టేశాను. సొంత పని కంపెనీ ఓవెన్లో పెట్టకూడదు. అందరం పెట్టేవాళ్ళం.

ఓవెన్ నూట ఇరవై డిగ్రీల మీద ఉంది. ఆ వేడికి మా కాయిళ్ళు గట్టిపడతాయి. పికప్ తీగ చుట్టిన బాబిన్ మాత్రం పాతకాలపు ప్లాస్టిక్. దాన్ని మైనంలో ముంచుతారే తప్ప ఓవెన్లో కాల్చరని నాకు తెలియదు. తెలుసుకుందామని అనుకోను కూడా లేదు. బయటికి తీసేసరికి అది ఎండలో పెట్టిన చాక్లెట్ లాగా వంగిపోయి ఉంది. తీగ లోపలెక్కడో తెగింది. మీటరు ఏమీ చూపించలేదు. రెండుసార్లు తిరిగి చుట్టబోయాను. మా మిషన్ మోటారు తీగ లాగడానికి చేసింది, ఆ సన్నని తీగను పుటుక్కున తెంపేసింది. వేలమంది కార్మికులకు మోటార్లు చుట్టిచ్చిన నేను, స్నేహితుడి గిటారు దగ్గర వెధవనయ్యాను.

సూరితో జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

“ఎలాగూ సచ్చిందే కదా, నువ్వు దాన్ని కాల్సీసినావు. కొత్తది సూడు” అన్నాడు.

అప్పటికి ఆ మాట నాకు పెద్ద ఊరట. తర్వాత అదే మాట ఎంత గుచ్చుకుందో చెప్పలేను.

కొత్త పికప్ ఎంచడం మోటారు ఎంచడం లాంటిది కాదు. ఎక్కువ శక్తి ఉన్నది మంచిదనుకుంటే పొరపాటు. చుట్లు పెరిగితే శబ్దం బలంగా వస్తుంది కానీ పై స్వరాలు మొద్దుబారతాయి. పైగా సగం డొల్ల గిటారు కాబట్టి, స్టేజీ మీద స్పీకరు శబ్దానికి దాని ఒళ్ళే అదిరి, ఆ అదురు మళ్ళీ పికప్‌లోకి వెళ్ళి కూత పెడుతుంది. అందుకని తక్కువ చుట్లు, మెత్తటి అయస్కాంతం, లోపల మైనం నింపినది కావాలి. మెడ దగ్గర తీగల మధ్య ఎడం తక్కువ కాబట్టి కాయిల్ మీది ఇనుప బొడిపెల ఎడం కూడా దానికి సరిపోవాలి. ఇవన్నీ కలకత్తాలోని ఒక దుకాణదారు ఫోన్లో ఓపికగా చెప్పాడు. వైర్లు కత్తిరించకపోతే వెనక్కి తీసుకుంటానని కూడా అన్నాడు.

బిగించడం ఇంకో పెద్ద పని. గిటారుకు వెనక మూత లేదు. వాల్యూమ్ నాబ్‌లన్నీ ఆ వంకర రంధ్రంలోంచే బయటికి తీసి, మళ్ళీ లోపలికి పంపాలి. ఒక్కొక్క నాబ్ కడ్డీకి దారం కట్టి, పని అయ్యాక ఆ దారం పట్టుకుని దాని చోటికి లాక్కోవాలి. ఆగస్టు ఆదివారాలన్నీ సూరి ఇంట్లో ఈ దారాలతోనే గడిచాయి. సూరి కూతురు గీత సోనారిలో ఒక స్కూల్లో టీచరు. సన్నటి వేళ్ళు కావడం వల్ల దారం లాగే పని ఆమెకే పడింది.

మొదట పెట్టిన జత మెత్తటి అయస్కాంతానిది. నేను విన్నంతలో పాత గొంతుకు అన్నిటికంటే దగ్గరది అదే. సూరి రెండు నిమిషాలు వాయించి పెదవి విరిచాడు. దుప్పటి కప్పుకుని పాడినట్టుంది అన్నాడు. రెండో జత కొంచెం గట్టి అయస్కాంతం, పదునైన శబ్దం. ఇంకా కావాలన్నాడు. మూడోది ఒంటి కాయిల్ రకం, గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టుంటుంది. పై స్వరాలను పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి మీటితే నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

“ఇప్పుడు కొంచెం మేలే” అన్నాడు సూరి.

గీత నా వైపు చూసింది.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. పికప్‌లు మూడూ బాగానే ఉన్నాయి కాబట్టి తప్పు యాంప్లిఫయరుదే అని తేల్చుకున్నాను. తర్వాతి ఆదివారం ఆసిలేటర్ పట్టుకెళ్ళాను. కావలసిన స్థాయిలో ఒకే స్వరం పుట్టించే పరికరం అది. దాన్ని యాంప్లిఫయరుకు కలిపి స్వరాన్ని కింది నుంచి పైకి తీసుకెళ్తూ, ఎక్కడ శబ్దం పడిపోతుందో చూడాలి. సెకనుకు అయిదు వందల కంపనాలు, వెయ్యి, రెండు వేలు. వినబడుతోందని సూరి తల ఊపుతున్నాడు. మూడు వేల దగ్గర తల ఊపడం ఆగింది. నాలుగు వేలకు తెచ్చాను. గది మొత్తం ఈల వేసినట్టయింది. గీత రెండు చెవులూ మూసుకుని, “మామా, బంద్ కీజియే నా! కాన్ ఫట్ రహా హై!” అని, చెవులు పగిలిపోతున్నాయి ఆపమంటూ అరిచింది.

సూరి ఆమె వైపు, తర్వాత నా వైపు వింతగా చూశాడు.

“ఏటి, ఆపీసినావా?” అన్నాడు.

మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. అది అతని చెవి. ముప్ఫై ఏళ్ళు రోలింగ్ మిల్లులోనూ మా షాపులోనూ క్రేన్ మీద కూర్చున్నవాడి చెవి ముందుగా పోగొట్టుకునేది సరిగ్గా ఆ స్వరాలనే. ఏడాదికోసారి కంపెనీ మెడికల్లో పైపైన చెవులు చూసి పంపేవాళ్ళు కూడా మాకు ఈ సంగతి చెబుతూనే ఉండేవారు.

మెల్లగా చెప్పాను. నా మిషనే పాడైందన్నాడు. గీత చెప్పింది. ఆమె మీద కేకలేశాడు. గిటారు సోఫా మీద పెట్టి వానలోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అయిదో రోజు షాపులో ఒక పెద్ద మోటారు రోటర్‌ను క్రేన్‌తో ఎత్తుతున్నారు. అంతకు ముందెప్పుడూ చూడని చూపుతో నేను క్రేన్ కేబిన్ వైపు చూశాను. కింద సిగ్నల్‌మన్ ఈల వేసినా సూరి ఆపలేదు. చెయ్యి ఎత్తాక ఆపాడు. మధ్యలో ఉన్నది ఒకటి రెండు క్షణాలే. ఆ హుక్కు కింద నా మనుషులు ముగ్గురున్నారు. షిఫ్టు అయ్యాక అతని కోసం నిచ్చెన దగ్గర నిలబడ్డాను.

“నువ్వే మెడికల్‌కి పో. లేకపోతే నీ మీద రిపోర్టు నాను రాయాల్సొత్తాది” అన్నాను.

చేతి తొడుగులు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “దసరా అయినాక ఎల్తాను” అన్నాడు. వద్దన్నాను. అంత కఠినంగా నేనెవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు తనే వెళ్ళాడు. వారంలో అతన్ని క్రేన్ దింపి టూల్ స్టోరులో వేశారు. జీతం తగ్గలేదు. పైనుంచి షాపంతా చూసినవాడు కిటికీలోంచి స్పానర్లు అందించడం మొదలుపెట్టాడు. నేను ఆ కిటికీ దగ్గరికి పనున్నా వెళ్ళలేకపోయేవాణ్ణి.

స్టేజీకి ఏ పికప్ పెట్టాలన్నది అప్పుడు తేలింది. సూరే తేల్చాడు. “ఇనేది ఆళ్ళు. నీకు ఏది బాగున్నాదో అది బిగించీ” అన్నాడు. మొదటి జతను మళ్ళీ తెప్పించాను. గీత ఆఖరిసారి దారాలు లాగింది. నాబ్‌లు ఎక్కడ ఉంచాలో నేను గుర్తులు పెట్టాను.

దసరా సాయంత్రం వాయించాడు. వేళ్ళు పాతవే, ఒక్క తప్పూ దొర్లలేదు. జనం ఈలలు వేశారు. కిందికి దిగొచ్చి నా పక్కన కూర్చుని, “నిజం సెప్పరా. పాత గొంతేనా?” అని అడిగాడు.

అవునని చెబితే సరిపోయేది. చెవికి అందనివాడికి అబద్ధం చెప్పడం తేలిక కాబట్టే చెప్పలేకపోయాను. కాదన్నాను. బాగుంది గానీ అది కాదన్నాను. అది నా చేతిలో కాలిపోయేదాకా బాగానే ఉందని కూడా చెప్పాను.

“అయితే ఆ రోజు మీ ఇంట్లో నాను వాయించినది ఆ గొంతేనా?”

“అదే.”

“బావుందా?”

“బావుంది.”

తల ఊపాడు. ఆఖరిసారి దాన్ని వాయించింది తనేనని, విన్నది నేనొక్కడినేనని అతనికి అర్థమైంది.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన నెలల్లో జాబ్ కార్డులు చూసే పద్ధతి మార్చాను. ఫిర్యాదును కొట్టేయలేదు, రాసింది రాసినట్టే తీసుకున్నాను. కాకపోతే, మీటరు బాగుందని చెప్పినప్పుడు మోటారు విప్పే ముందు, ఫిర్యాదు రాసిన మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి, అతని పక్కన నిలబడి, అతను వింటున్నదేమిటో అడిగి రమ్మని కుర్రాళ్ళకు చెప్పాను. దానికి పావుగంట పడుతుంది. సూరి విషయంలో ఆ పావుగంట నేను పెట్టలేదు.